ఐదో సంతకం

ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ప్రధాన కార్యాలయంలో ఆమెను అందరూ కుర్చీలమ్మ అనేవారు. ఎదురుగా అనేవారు కాదు గానీ ఆమెకు తెలుసు. మహాసభకు రెండు వందల పైచిలుకు దేశాల సంఘాలు వస్తాయి. ఎవరి పక్కన ఎవర్ని కూర్చోబెట్టకూడదో, పేరుపలక మీద ఏ దేశానికి అక్షరం తప్పు పడితే గొడవవుతుందో, ఏ అధ్యక్షుడికి ఎడమ చెవి వినపడదో, ఎవరి రెండో భార్య మొదటి భార్య దిగిన హోటల్లో దిగకూడదో అన్నీ ఆమె తలలో ఉండేవి. చేతిసంచిలో ఎప్పుడూ కొలతల టేపు ఉండేది. కంటితో చూసి దూరం చెప్పగలిగినా టేపు పెట్టే కొలిచేది. పన్నెండేళ్ళలో ఏ మహాసభలోనూ ఒక్క కుర్చీ గురించి కూడా మాట రాలేదు. ఈ ఉద్యోగం తన తెలివికి వచ్చిందనీ, తన కష్టం వల్ల నిలిచిందనీ ఆమె నమ్మకం.

మహాసభ ఇంకా నాలుగు రోజులుందనగా ప్రధాన కార్యదర్శి పిలిచాడు.

ఆయన సన్నటి మనిషి, గొంతు పెంచడు. ఎవరినైనా ఉద్యోగంలోంచి తీసేసేటప్పుడు కూడా ముందు మంచినీళ్ళు ఇచ్చి మరీ తీసేస్తాడు. ఆ రోజు ఆమె వైపు గ్లాసు జరిపేసరికి ఉద్యోగం పోయిందనే అనుకుంది.

"మీ మామయ్య వచ్చారా?"

"నిన్న దిగారండి, అత్తయ్యతో."

మామయ్యంటే ఆమె తల్లికి అన్న. ఒక చిన్న దేశపు ఫుట్‌బాల్ సంఘానికి ఇరవై రెండేళ్ళుగా అధ్యక్షుడు. అంతకుముందు పదకొండేళ్ళు ఆ దేశపు జట్టుకు గోల్‌కీపర్. ఇంటా బయటా ఆయన పేరు గోలీ అనే స్థిరపడిపోయింది. ఆమెకు మూడేళ్ళు నిండకముందే తండ్రి ఇల్లు వదిలి పోతే, తల్లినీ పిల్లనీ తన ఇంటికి తెచ్చుకుని చదివించింది ఆయనే. సంఘం సమావేశాల రోజున మడత కుర్చీలు వరసగా వేయడం ఆమె నేర్చుకున్నది కూడా ఆయన దగ్గరే.

"ఆయన ఒక కాగితం మీద సంతకం పెట్టారు. నీకు తెలుసా?" అన్నాడు కార్యదర్శి.

ఆమెకు తెలుసు. కార్యాలయంలో అందరికీ తెలుసు. సమాఖ్య అధ్యక్ష పదవికి పోటీ చేయాలంటే ఐదు సంఘాలు సంతకాలు పెట్టి ప్రతిపాదించాలి. గత రెండుసార్లు ఎవరికీ ఐదు దొరకలేదు. ఈసారి ఒక పొరుగు దేశపు సంఘాధ్యక్షుడు, వృత్తికి లాయరు, ఊరూరా తిరిగి నాలుగు సంపాదించాడు. ఐదోది ఎవరూ పెట్టలేదు. గడువు ముగియడానికి రెండు గంటల ముందు గోలీ పెట్టాడు.

"ఐదులోంచి ఒకటి తీస్తే?"

"నాలుగండి."

"నాలుగైతే అభ్యర్థి లేడు. అభ్యర్థి లేకపోతే ఓటింగ్ లేదు, చప్పట్లతో సరిపోతుంది. చప్పట్లలో ఓడిపోయేవాడంటూ ఉండడమ్మా. అందరికీ గౌరవం." సొరుగులోంచి ఒక ఉత్తరం తీసి ఆమె ముందు పెట్టాడు. మామయ్య సంఘాన్ని సస్పెండ్ చేస్తున్న ఉత్తరం. కారణం ప్రభుత్వ జోక్యమని రాసి ఉంది. పోయినేడాది అక్కడి క్రీడామంత్రి ఒక టోర్నీకి రిబ్బన్ కత్తిరించాడట. "రేపు సాయంత్రం లోపల ఆయన సంతకం వెనక్కి తీసుకుంటే ఇది చించేస్తాను."

ఆమె ఉత్తరం రెండుసార్లు చదివింది. "కానీ ముప్పై ఒకటో నియమం ఉంది కదండీ. ఎన్నిక ప్రకటించాక, ప్రతిపాదించిన సంఘాన్ని మహాసభ తప్ప ఇంకెవరూ సస్పెండ్ చేయకూడదు."

"నిజమే. నిబంధనల పుస్తకం దిద్దిందానివి, నీకు తెలుసు. నాకూ తెలుసు. ఆయనకు తెలుసా?"

ఆమె ఉత్తరం మడిచి బల్ల మీద పెట్టింది.

"నీ ఉద్యోగానికి మూడు వందల నలభై దరఖాస్తులు వచ్చాయి. నీ దరఖాస్తు ఎవరు చదివారనుకుంటున్నావు?" కార్యదర్శి నెమ్మదిగా నవ్వాడు. "ఎవరూ చదవలేదమ్మా. చదవాల్సిన పని లేదు. ఆ ఏడాది మన అధ్యక్షులు గెలిచింది రెండు ఓట్ల తేడాతో. అందులో ఒక ఓటు ఖరీదు నువ్వు. మీ మామయ్య బేరం బాగానే ఆడాడు. నువ్వు పనికొచ్చావు, అది మా అదృష్టం. మహాసభల డైరెక్టరు వచ్చే నెల రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ ఎవరికి వెయ్యాలో నువ్వే చెప్పు."

గదిలోంచి బయటికొచ్చాక ఆమె మెట్ల దగ్గర ఆగిపోయింది. ముఖం మీద ఎవరో ఉమ్మేసినట్టుంది. కార్యదర్శి మీద కోపం రాలేదు, మామయ్య మీద వచ్చింది. పన్నెండేళ్ళు తల ఎత్తుకుని తిరిగింది ఆయన జేబులోంచి పడిన చిల్లర మీదా?

మర్నాడు మధ్యాహ్నం హోటల్‌కి వెళ్ళింది. అత్తయ్య మంచం మీద దుప్పటి పరిచి మామయ్య కోటు ఇస్త్రీ చేస్తోంది. మామయ్య కాఫీ కప్పులో వేణ్ణీళ్ళు పోసుకుని వేళ్ళు నానబెట్టుకుంటున్నాడు. కుడిచేతి రెండు వేళ్ళు బంతి తగిలి విరిగి, ఎన్నడో వంగడం మానేశాయి. చలి దేశానికి వస్తే అవి సలుపుతాయి.

"రా తల్లీ! ఇంత పెద్ద హోటల్లో ఒక బకెట్టు లేదే!" అంది అత్తయ్య. "ఆ స్నానాలగది చూశావా? తిప్పితే పైనుంచీ వస్తుంది, పక్కల్నుంచీ వస్తుంది. కార్లు కడిగేచోట నిలబడ్డట్టుంది. మీ మామయ్య పొద్దున సబ్బు కళ్ళతో బయటికొచ్చి నన్ను తిట్టాడు, నేనేదో తిప్పినట్టు."

"గోలు ఆపినవాణ్ణి, నీళ్ళు ఆపలేకపోయాను," అన్నాడు మామయ్య.

ఆమె నవ్వలేదు. అది చూసి ఆయన చేతులు తుడుచుకున్నాడు.

"సంతకం గురించేనా?"

"ఎందుకు పెట్టావు మామయ్యా?"

"ఆరేళ్ళయిందే మన జట్టు మన ఊళ్ళో ఆడి. మైదానం బాగా లేదంటారు. సొంతగడ్డ మ్యాచ్ అని పేరు, ఆడేది పరాయి దేశంలో, ఖాళీ గ్యాలరీల ముందు. కొడుకు గోలు కొడితే తల్లి టీవీలో చూసుకోవాలి. కొత్త మైదానం ఇస్తామని ఎనిమిదేళ్ళుగా చెప్తున్నారు. ఏడాదికొకడొస్తాడు, కొలుస్తాడు, తింటాడు, పోతాడు. మా గడ్డి కూడా వాణ్ణి గుర్తుపడుతుంది ఇప్పుడు. లాయరు చేస్తానన్నాడు. చెయ్యకపోవచ్చు. కానీ ఎవడో ఒకడు అడగాలి కదా?"

ఆమె సస్పెన్షన్ ఉత్తరం సంగతి చెప్పింది. సస్పెండైతే ఏ జట్టూ ఎక్కడా ఆడకూడదని చెప్పింది. వచ్చే నెలలో మహిళల జట్టు మొదటిసారి ఖండస్థాయి టోర్నీకి వెళ్ళాలి, అదీ పోతుందని చెప్పింది. ఆ మాటకి మామయ్య ముఖం పాలిపోయింది. ఆ జట్టు గోల్‌కీపర్ చేపల కోల్డ్ స్టోరేజీలో పనిచేసే మనిషి. షిఫ్టు అయ్యాక ఆమెకు ఆయనే తర్ఫీదు ఇచ్చాడు, నాలుగేళ్ళపాటు.

"వాళ్ళేం చేశారే మధ్యలో?"

"అదే అంటున్నాను."

మామయ్య ఆమె వైపు తిరిగాడు. "ఆ నిబంధనల పుస్తకం అక్షరం అక్షరం దిద్దినదానివి నువ్వు. నాకు కార్యదర్శి మాట మీద నమ్మకం లేదు. నువ్వు చెప్పు. ఇప్పుడు, ఎన్నికల మధ్యలో, వాళ్ళకి ఆ అధికారం ఉందా?"

అత్తయ్య ఇస్త్రీపెట్టె ఎత్తి పట్టుకుని చూస్తోంది.

ఒక్క మాట చాలు. లేదు అంటే అయిపోయేది. ఆమెకు డైరెక్టరు పదవి గుర్తొచ్చింది. ఆ మూడు వందల నలభై దరఖాస్తులూ గుర్తొచ్చాయి. తనను ఒక ఓటుకి మార్చిన మనిషి ఇప్పుడు తన మాటే వేదమన్నట్టు ఎదురు చూస్తున్నాడు.

"ఉంది మామయ్యా," అంది.

ఆయన తలూపాడు. ఇంకో ప్రశ్న వెయ్యలేదు. "సరే, కాగితం తెచ్చావా?"

తెచ్చింది. కార్యదర్శి గదిలోంచి వచ్చిన నమూనా చూసి తానే టైపు చేసింది. కళ్ళజోడు ఎక్కడుందో కనపడక ఆయన చదివి వినిపించమన్నాడు. చదివింది. 'నాకు ఇవ్వబడిన హామీల ప్రభావంతో సంతకం చేసినందుకు విచారిస్తూ ఉపసంహరించుకుంటున్నాను' అన్న చోట ఆయన ఆపాడు.

"హామీలంటే?"

"మైదానం సంగతి లాయరుగారు మాటిచ్చారన్నావు కదా."

"అదా. నిజమే కదా మరి." ఫోన్ అందుకున్నాడు. "ముందు అతనికి చెప్పనీ. మాటిచ్చి వెనక్కి తీసుకునేటప్పుడు మొహం మీద చెప్పాలి."

"వద్దు! చెప్తే ఆయన కోర్టుకెళ్తాడు, నిన్నూ లాగుతాడు. అయ్యాక చెప్దువుగాని."

ఆయన ఫోన్ కింద పెట్టాడు. వంగని వేళ్ళ మధ్య కలం ఇరికించుకుని, ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని, ఒక్కో అక్షరం గీసినట్టుగా సంతకం పెట్టాడు. సిరా ఆరేదాకా ఊదాడు కూడా.

తలుపు దగ్గర ఆమె ఇక ఉండబట్టలేక అడిగింది. "నా ఉద్యోగం నీ ఓటుకి వచ్చిందా?"

మామయ్య తడబడలేదు. "అవును. నువ్వు అర్హురాలివి కాదని ఎవడన్నాడు? అర్హులు మూడొందల మంది ఉంటారే పిచ్చిదానా, తలుపు ఒకటే ఉంటుంది. నేను తలుపు తీశాను. లోపల నడిచింది నువ్వేగా."

ఆయన అది ప్రేమగానే అన్నాడు. ఆమెకు అది చెంపదెబ్బలా తగిలింది. కాగితం మడత పడకుండా అట్టల మధ్య పెట్టుకుని వెళ్ళిపోయింది.

మరుసటి రోజు ఉదయానికల్లా లాయరు అభ్యర్థి కాకుండా పోయాడు. ఫలహారాల హాలు నుంచి పైకి వెళ్ళే లిఫ్టులో అతనూ మామయ్యా ఎదురుపడ్డారు. వెనక ఆమె కూడా ఉంది, చేతిలో పేరుపలకల పెట్టె.

"ఎంతకి, గోలీ?" అన్నాడు లాయరు.

"పిల్లల కోసం చేశాను. మా అమ్మాయిల జట్టు..."

"అందరూ పిల్లల కోసమే అమ్ముడుపోతారు. ఒక్కడు కూడా తనకోసం అమ్ముడుపోయానని చెప్పిన పాపాన పోలేదు." తన అంతస్తు రాకుండానే దిగిపోయాడు. మామయ్య మూసుకుంటున్న తలుపుల్లో చెయ్యి పెట్టబోయి తీసేశాడు.

మహాసభ ముందురోజు కార్యదర్శి కుర్చీల పటం చూసి ఒక్క మార్పు చెప్పాడు. సంతకాలు పెట్టిన ఐదు సంఘాలనీ ముందు వరసలోకి తెమ్మన్నాడు. "కెమెరాకి వాళ్ళ చేతులు కనపడాలి."

అక్షరక్రమం తప్పుతుందని ఆమె అనలేదు. ఐదు పలకలూ తానే స్వయంగా మోసుకెళ్ళి పెట్టింది. టేపుతో కొలిచింది.

మర్నాడు మహాసభలో సమాఖ్య అధ్యక్షుడి పేరు చదవగానే అందరూ లేచారు. చప్పట్లు నాలుగు నిమిషాలు సాగాయి. ఎవడు ముందు ఆపితే వాడు దోషి అన్నట్టు ఒకరినొకరు చూసుకుంటూ కొట్టారు. లాయరు కొట్టాడు. మామయ్య కూడా కొట్టాడు. వంగని వేళ్ళతో అరచేతులు సరిగా ఆనక ఆ చప్పట్లకి చప్పుడు రాలేదు. కెమెరా ఆయన దగ్గరే చాలాసేపు ఆగింది. అధ్యక్షుడు వేదిక దిగి వచ్చి ఐదుగురినీ వరసగా కౌగిలించుకున్నాడు. మామయ్య చెవిలో ఏదో అన్నాడు.

"ఏమన్నాడు?" అని తర్వాత అత్తయ్య అడిగింది.

"మైదానం వచ్చేస్తోందన్నాడు," అన్నాడు మామయ్య. ఆ రోజంతా ఆయన మాట్లాడింది ఆ ఒక్క మాటే.

ఇరవై రెండు రోజుల తర్వాత సమాఖ్య నైతిక విచారణ సంఘం ఆయన మీద కేసు తెరిచింది. సాక్ష్యం ఆయన ఉపసంహరణ ఉత్తరమే. హామీల ప్రభావంతో సంతకం చేశానన్న కాగితం మీద సొంత చేత్తో సంతకం పెట్టాడు కాబట్టి, హామీ తీసుకుని మద్దతు అమ్మినట్టు ఒప్పుకున్నాడన్నారు. లాయరు మీద కూడా అదే కాగితంతో కేసు పెట్టారు. ఒక్క దెబ్బకి రెండు పిట్టలు. తీర్పు పదకొండు పేజీలు. పదేళ్ళపాటు ఇద్దరూ ఫుట్‌బాల్‌కు సంబంధించిన ఏ పనీ చేయకూడదు, ఏ హోదాలోనూ ఏ సంఘం ఆవరణలోనూ అడుగు పెట్టకూడదు. మామయ్యకు అప్పటికి అరవై ఏడు.

ఆమె పరుగున కార్యదర్శి గదికి వెళ్ళింది. ఆ రోజు ఆయన మంచినీళ్ళు ఇవ్వలేదు.

"చించేస్తానన్నారు!"

"చించేశానుగా. సస్పెన్షన్ ఉత్తరం గురించి కదా మాట్లాడుకున్నాం? అదెప్పుడో చించేశాను. మీ సంఘం జోలికెవరైనా వచ్చారా? మీ అమ్మాయిలు టోర్నీ ఆడి వచ్చారు కూడా."

"ఆ వాక్యం మీరు పెట్టించారు."

"సంతకం ఆయనది. టైపు చేసింది నువ్వు. చదివి వినిపించింది కూడా నువ్వేనట, విచారణలో ఆయన అన్నారు. నువ్వు తప్పు చదివావేమో అని సభ్యులు అడిగారు. లేదు, మా అమ్మాయి సరిగ్గానే చదివింది అన్నారు. మంచి మనిషి." కాగితాలు సర్దుకున్నాడు. "అక్కడ సంఘం నడపడానికి ఇప్పుడు మనిషి లేడు. ఆరునెలలు నువ్వు వెళ్ళి పాలన చూడు. భాష తెలిసినదానివి. వచ్చాక డైరెక్టరు గది నీదే."

వెళ్ళనంటే ఏమవుతుందో ఆమె అడగలేదు. ఆయనా చెప్పలేదు.

సంఘం కార్యాలయం పాత రెండంతస్తుల మేడ, ముందు ఇనుప గేటు. మొదటి రోజే మామయ్య తాళాలు అప్పగించడానికి వచ్చాడు. గేటు లోపలికి రాకూడదు కాబట్టి రోడ్డు మీదే నిలబడ్డాడు. కాపలావాడు కుర్చీ తెస్తానన్నాడు. "వద్దురా, కుర్చీ సంఘానిది. కూర్చుంటే పదేళ్ళు పదకొండేళ్ళవుతాయి," అని ఆయన నవ్వాడు. ఆమే బయటికి వెళ్ళింది.

రుమాల్లోంచి తాళాల గుత్తి తీశాడు. "ఇది బీరువాది. ఇది మైదానం గదిది, కొంచెం పైకెత్తి తిప్పాలి, లేకపోతే పట్టేస్తుంది. ఇది పంపుసెట్టుది. ఎండాకాలం పొద్దున్నే గడ్డికి నీళ్ళు పెట్టించు, ఎండెక్కాక పెడితే మాడిపోతుంది." అన్నీ చెప్పాక గుత్తి ఆమె చేతిలో పెట్టాడు. తర్వాత మామూలు మాటలాగే అన్నాడు, "ఏ పనీ లేదు కదా, ఆ పుస్తకం చదువుకున్నానే. మీ అత్తయ్య చదివి వినిపించింది. ముప్పై ఒకటి దగ్గర రెండోసారి చదవమన్నాను. అదీ ఇదీ ఒకటేనా, నాకు అర్థం కాలేదేమో అని."

ఆమె ఇనుప గేటు పట్టుకుని నిలబడింది.

"నీకు ఆ రోజు తెలుసా?"

తెలియదనవచ్చు. ఆయన నమ్మేవాడు. నమ్మాలనే వచ్చాడేమో కూడా.

"తెలుసు," అంది.

మామయ్య రుమాలు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "సరే. పైకెత్తి తిప్పు, మర్చిపోకు," అని వెళ్ళిపోయాడు.

మైదానం పని నిజంగానే మొదలైంది. రోడ్డు రోలర్లు వచ్చాయి. ఆమె పొద్దున్నే వెళ్ళి నిలబడి కొలతలు చూసుకునేది. ఆమె దిగింది తల్లి విడిగా ఉంటున్న ఇంట్లోనే గానీ తల్లి ఆమెతో అవసరానికి మించి మాట్లాడేది కాదు. గిన్నె ముందు పెట్టి అవతలి గదిలోకి పోయేది.

మూడో నెలలో ఆఫీసు మేనేజరు ఒక ఫోటో తెచ్చి బల్ల మీద పెట్టాడు. పాతికేళ్ళుగా అక్కడే పనిచేస్తున్న నెమ్మదస్తుడు. ఫోటోలో కోల్డ్ స్టోరేజీ వెనకాల ఖాళీ స్థలం, ఐసు లారీలు, పెట్టెల గుట్టలు. మధ్యలో మామయ్య బంతి విసురుతున్నాడు. రబ్బరు బూట్లతో, ఏప్రాన్ కూడా విప్పకుండా, ఆ గోల్‌కీపర్ అమ్మాయి పక్కకి దూకుతోంది.

"ఎవరో గేటు దగ్గర ఇచ్చి పోయారు మేడమ్," అన్నాడు మేనేజరు. "ఇంకెవరికీ చూపించలేదు. మీరే చూసి ఏం చెయ్యాలో చెయ్యండి."

అతను వెళ్ళాక ఆమె చాలాసేపు ఫోటోనే చూసింది. నిషేధం ఉన్న మనిషి తర్ఫీదు ఇవ్వడం నేరం. తెలిసీ చెప్పకపోవడం ఇంకో నేరం, అదీ ఆమె దిద్దిన పుస్తకంలోనే ఉంది. ఎవరో ఇచ్చి పోయారు అంటే ఎవరు? కార్యదర్శి పరీక్ష పెడుతున్నాడా? ఇలాంటి పరీక్షలు ఆయనకి అలవాటే. మూడు నెలల్లో డైరెక్టరు గది. సాయంత్రం నాలుగింటికి రెండు వాక్యాల లేఖ రాసి, ఫోటో జతచేసి పంపేసింది.

మర్నాడు మేనేజరుకి చెప్పింది, నియమం ప్రకారం పంపానని.

"పంపేశారా? చించేస్తారనుకున్నాను మేడమ్. పెద్దాయనకి ఒక మాట చెప్పి జాగ్రత్తగా ఉండమంటారని... అందుకే మీకిచ్చాను. మా తమ్ముడు తీసిన ఫోటో అది. సరదాగా తీశాడు. పెద్దాయన చూస్తే సంతోషిస్తాడని."

అతను ఆ నెలాఖరుకి మానేశాడు.

తీర్పు ఈసారి ఒక్క పేజీయే. మామయ్యకు యావజ్జీవ నిషేధం. నిషేధితుడి దగ్గర తర్ఫీదు పొందినందుకు గోల్‌కీపర్‌కు ఏడాది.

గోల్‌కీపర్ ఆఫీసుకి వచ్చింది. వేళ్ళ చివర్లు చల్లటి నీళ్ళకి తెల్లగా పాలిపోయి ఉన్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఏడాదేనా, పెరుగుతుందా?"

"ఏడాదే."

"నాకిప్పుడు ముప్పై రెండు. తిరిగొచ్చేసరికి చోటు ఉండదు లెండి." కాసేపు బల్ల మీది తీర్పు కాగితం చూసింది. "పెద్దాయనకి నేనే చెప్పాను, రావద్దని. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతోందమ్మా, నాలుగు బంతులు విసిరి పోతానన్నారు. తప్పు నాదేనని రాసుకుంటే ఆయన శిక్ష తగ్గుతుందా?"

"తగ్గదు."

"అలాగైతే ఒక చీటీ రాసివ్వండి, ఇవాళ ఇక్కడికి వచ్చానని. ఒక పూట సెలవు పెట్టాను. ఆధారం లేకపోతే జీతం కోస్తారు."

ఆమె సంఘం ముద్ర వేసి చీటీ రాసిచ్చింది. గోల్‌కీపర్ దాన్ని తడి అంటకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని వెళ్ళింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి తల్లి పెట్టె సర్దుకుని వీధి గుమ్మంలో కూర్చుని ఉంది.

"అన్నయ్య దగ్గరికి పోతున్నాను. ఇల్లు నువ్వుండు, ఎన్నాళ్ళుంటావో ఉండు."

"అమ్మా, నేను పంపకపోతే నా ఉద్యోగం..."

"తెలుసమ్మా. అన్నీ తెలుసు నాకు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళని చూశాను గానీ, ఇంట్లోవాళ్ళు లోపలుండగా వాసం లాగేదాన్ని కన్నానని తెలియలేదు." లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "అన్నయ్య పోతే కబురు పెట్టనులే. వచ్చి చూడ్డానికి మీ రూలు ఒప్పుకోదేమో."

కొత్త మైదానం ఆరంభానికి సమాఖ్య అధ్యక్షుడే వచ్చాడు. ఆరున్నరేళ్ళ తర్వాత జాతీయ జట్టు సొంత ఊళ్ళో ఆడింది. జనం గోడల మీద, కరెంటు స్తంభాల మీద ఎక్కారు. వేదిక మీద ఏర్పాట్లన్నీ ఆమెవే. ఒక్క కుర్చీ గురించి కూడా మాట రాలేదు. గోలు పడ్డప్పుడు ఊరంతా అరిచిన అరుపు మామయ్య ఇంటికి వినపడే ఉంటుంది. ఆ ఇల్లు అక్కడికి రెండు వీధులే.

తిరుగు విమానం ఎక్కే రోజున ఆమె ఆ ఇంటికి వెళ్ళింది. తల్లి పెరట్లోంచి చూసి లోపలికి రాలేదు. అత్తయ్య తలుపు తీసి, పక్కకి తప్పుకుంది. మామయ్య నేల మీద పేపరు పరుచుకుని చదువుకుంటున్నాడు.

"కూర్చోవే. ఎండగా ఉందా బయట?"

"ఉంది."

"విమానం ఎన్నింటికి?"

"ఆరింటికి."

"పెందలాడే పో. ఈ మధ్య ఆ రోడ్డు తవ్వేశారు." అత్తయ్యను మంచినీళ్ళు తెమ్మన్నాడు. ఆమె తాగేదాకా ఆగాడు. గడ్డి ఎలా పట్టిందని అడిగాడు, అది నిజం గడ్డి కాదని చెబితే ఆశ్చర్యపోయి, "అయితే నీళ్ళు అక్కర్లేదన్నమాట," అన్నాడు. ఆమెకు ధైర్యం వచ్చింది. కాళ్ళ మీద పడి ఏడవాలనుకుంది. అప్పీలు చేయిస్తాను, డైరెక్టరునయ్యాక నా మాట చెల్లుతుంది, రెండేళ్ళలో శిక్ష తగ్గించేలా చూస్తాను అని గబగబా చెప్పింది.

మామయ్య అంతా విన్నాడు. పేపరు మడిచాడు.

"ఒక్క సాయం చెయ్యి. అంతకంటే వద్దు."

"చెప్పు మామయ్యా."

"అక్కడ ఎవరైనా అడిగితే, నా మేనకోడలినని చెప్పకు."

"నీ పేరు వల్ల నాకేం ఇబ్బంది లేదు మామయ్యా. నేను ధైర్యంగా చెప్తాను."

"నీ ఇబ్బంది గురించి కాదే," అన్నాడాయన. గొంతులో కోపం లేదు. "నాకు సిగ్గుగా ఉంటుంది."

అత్తయ్య ఖాళీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. ఆమె లేచి, చెప్పులేసుకుని, కారెక్కింది. రోడ్డు తవ్వేసి ఉన్న మాట నిజమే. అయినా టైముకే అందుకుంది.

డైరెక్టరు గది తూర్పు మూల, రెండు కిటికీలు. ఆ గదిలో ఆమె తొమ్మిదేళ్ళు పనిచేసింది. రెండు మహాసభలు నడిపింది, రెండూ చప్పట్లతోనే ముగిశాయి. ఆమె ఎవరి మేనకోడలో ఆ తొమ్మిదేళ్ళలో అక్కడ ఎవరూ అడగలేదు.